ఎల్లంబావి కరెంటు పేజీ

ఫిబ్రవరి 12, 2013. మంగళవారం

ఇయ్యాల జరిగింది ఎవ్వనికి చెప్పాలె? ఉద్యమం దోస్తు నరేందర్‌గానికి చెప్తే రఘునాథపల్లి అంత చెప్తడు. బాపుకు చెప్తే తిడ్తడు. అందుకే రాస్తున్న. తొమ్మిదిల బడి బంద్ జేసినంక రీచార్జ్ నంబర్లు తప్ప నేను రాసిందేం లేదు. చెయ్యి గుంజుతున్నది.

మా సెల్లు షాపుకు ఎల్లంబావి సబ్‌స్టేషన్ ఏఈ శకుంతల మేడం వచ్చింది. నేను మెమరీ కార్డుల ఉద్యమం పాటలు ఎక్కిస్తున్న. ఆమెను చూసి సౌండ్ తగ్గించిన. తెనాలి దిక్కామె గదా.

"తగ్గించకండి, బాగుంది" అన్నది. స్టూలు గుంజుకొని కూసున్నది. "దినేశ్ అంటే మీరేనా? ధర్నా పదింటికి అని మీరు ఫేస్‌బుక్‌లో పెడితే తొమ్మిదిన్నరకే జనం రోడ్డు మీద ఉంటున్నారు. నేను కరెంటు వేళలు రోజూ నోటీసు బోర్డు మీద అంటిస్తున్నా, మేకలు తినడం తప్ప ఇంకోటి లేదు. ఏంటండీ మీ కిటుకు?"

"ధర్నా అంటే బరాబర్ అయితది మేడం. కరెంటు అంటే రాదు. గంతే" అన్న.

కోపమొస్తదనుకున్న. నవ్వింది.

ఆఫీసుకు ఫేస్‌బుక్ పేజీ పెట్టుమని పైసార్ల ఆర్డరట. ఆఫీసుల ఎవ్వరికి నడుపరాదు. నన్ను నడుపుమంటున్నది.

"నేను ఉద్యమపోన్ని మేడం."

"తెలుసు. అందుకే వచ్చా."

సోచాయించి చెప్తనన్న. నాకెందుకు ఈ లొల్లి? గని మా తండా ట్రాన్స్‌ఫారం ఆమె కిందనే ఉన్నది. ఈ యాసంగిల ఇప్పటికే రెండుమాట్ల కాలింది. మల్లొకపాలి కాలితే కొత్తది వచ్చేదాంక పది పదిహేను దినాలు. వరి పొట్టకొచ్చే యాళ్లకు అన్ని దినాలు నీళ్ళు లేకుంటే ఇగ గడ్డే. బాపు మూడెకరాలు ఏసిండు.

ఎందుకు కాలుతదో అందరికి ఎరుకే. త్రీఫేజ్ ఎప్పుడొస్తదో ఎవ్వనికి తెల్వది. అందుకని ప్రతోడు స్టార్టర్ డబ్బాకు ఆటో పెట్టుకున్నడు. మనిషి లేకున్నా, కరెంటు రాంగనే మోటరు దానంతటదే లేస్తది. తండా మోటర్లన్ని ఒక్కపాలి లేస్తే ట్రాన్స్‌ఫారం ఎట్ల తట్టుకుంటది? అందరు ఆటోలు పీకేసి ఒకని ఎనక ఒకడు ఏసుకుంటే దానికేం గాదు. గని ముందుగాల నువ్వు తియ్యంటే నువ్వు తియ్యి.

ఫిబ్రవరి 14

ఒప్పుకున్న. బాపు వరి కోసం. మేడం కోసం కాదు.

ఫిబ్రవరి 17

పేజీ షురువైంది. మొదటి మాట మేడమే రాసిచ్చింది: "గౌరవనీయులైన విద్యుత్ వినియోగదారులకు తెలియజేయునది ఏమనగా." ఏమనగా కాడికి వచ్చేసరికే నాకు నిద్రొచ్చింది. దాని కింద డీఈ సారు శాలువ కప్పించుకుంటున్న ఫోటో. లైకులు కొట్టింది డీఈ సారు బామ్మర్ది, సారు బిడ్డ, ఇంకెవరో సారు దోస్తులు.

లైన్‌మన్ ఫకీర్ అహ్మద్ చాచాకు చూపిద్దామని ఆయన ఫోన్ల తెరిచిన. చిన్న ఫోను. అండ్ల తెలుగు రాదు, అక్షరాలన్ని డబ్బాలు డబ్బాలుగ కనపడ్తున్నయి.

"ఏంది బేటా ఇది? సర్కారు గింత దాచిపెట్టి రాస్తదా?" అని పగలబడి నవ్విండు.

ఫిబ్రవరి 20

డబ్బాల సంగతి తేల్చిన. సిమ్ముల కంపెనీ అట్ట తిప్పి, ఎనక తెల్లదిక్కు మార్కర్‌తోని పెద్దపెద్దగ రాసి ఫోటో కొట్టి పెట్టిన. ఫోటో అయితే ఏ ఫోన్లనన్న కనపడ్తది.

"ఎల్లంబావి రైతులకు. రేపు త్రీఫేజ్ పొద్దుగాల ఆరు నుంచి పది దాంక. పగటీలి రెండు నుంచి ఐదు దాంక. మారితే గీన్నే చెప్తం."

మేడం అట్టను చేతుల పట్టుకొని చూసింది. "గీన్నే అంటే?"

"ఇక్కడనే అని."

"గవర్నమెంటు రాసినట్టు లేదే."

"అందుకే చదువుతరు మేడం."

జరసేపు కలం కొరుక్కుంటు కూసున్నది. "సరే, పెట్టండి. డీఈ గారి శాలువా ఫోటో కూడా పెట్టాలా?"

"శాలువతోని మడి పారదు మేడం" అన్న. నోరు జారిందనుకున్న. ఆమె ఎనక్కి తిరిగి ఫైలు ఎతుక్కుంటు నవ్వుతున్నది, భుజాలు కదులుతున్నయి.

ఫిబ్రవరి 25

లైకులే లైకులు. ఇయ్యాల నాకు నేనే టీ తాపుకున్న.

మార్చి 2

లైక్ కొట్టినోళ్ళ పేర్లు ఒక్కొక్కటి తెరిచి చూసిన. చూడకపోతే మంచిగుండు. అందరు పట్నంల ఉన్నోళ్ళే. సెంట్రింగ్ పనికి పోయినోళ్ళు, మేస్త్రీల కింద పనిచేసేటోళ్ళు, హోటళ్ళల్ల ఉన్నోళ్ళు. ఒగడు భీవండిల ఉన్నడు. తండాల ఉన్నోడు ఒక్కడు లేడు. ఉండరు గూడ. తండాల ఉన్నది ముసలోళ్ళు, ఆడోళ్ళు. వాళ్ళ ఫోన్లల్ల ఎత్తుడు పెట్టుడు తప్ప ఏం లేదు.

నరేందర్ షాపుల కూసొని మూతి తిప్పిండు. "కరెంటు మీ తండా బోరుకస్తదా, భీవండికస్తదారా? ఆంధ్ర మేడం నౌకరి మంచిగ చేస్తున్నవ్ పో. జేఏసీ మీటింగుకు వస్తవా, ఇగ రావా?"

వస్తనన్న. పోలే. మనసున పట్టలే.

మార్చి 6

ఇయ్యాల ఇంట్ల అన్నం తింటుంటే యాడి, మా అమ్మ, బాపుతోని అంటున్నది: "రేపు కరెంటు ఆరింటికి గాదట, ఏడింటికట."

ముద్ద చేతులనే ఉన్నది. ఆ మార్పు నేను పేజీల పెట్టి గంట గూడ కాలే. ఇంట్ల ఎవ్వనికి చెప్పలే.

"నీకెవరు చెప్పిన్రు యాడి?"

"కమ్లీ చెప్పింది."

"కమ్లీ అత్తకెవరు చెప్పిన్రు?"

"బాల్సింగ్ ఫోన్ చేసి చెప్పిండట. పట్నంల ఫోన్ల వస్తదట గద కరెంటు టైము." చెప్పి నా దిక్కు చూసింది. "నువ్వు సెల్లు దుకాణపోనివి, నీకు తెల్వదా?"

చెయ్యి కడుక్కోకుంటనే బాల్సింగ్‌కు ఫోన్ కొట్టిన. మేనత్త కొడుకు, కూకట్‌పల్లిల సెంట్రింగ్ పని చేస్తడు.

"అవ్ బావా, రోజు చూస్త. పగటీలి అన్నానికి ఇడిసినప్పుడు చూసి యాడికి చెప్త. ముందుగాల యాడితోని ఏం మాట్లాడుతుంటి? తిన్నవా అంటే తిన్న. ఆరోగ్యమెట్లున్నది అంటే మంచిగున్నది. ఖతం. ఇప్పుడు కరెంటు ముచ్చట, మడి ముచ్చట, ఏ గట్టు తెగింది, ఎవ్వని బోరు పోసుడు తగ్గింది, అన్ని చెప్తది. ఇక్కడ మా రూముల ఐదుగురం ఉన్నం. అందరం గట్లనే చెప్తం. పేజీ నడిపేది నువ్వేనా? నీ అక్షరం చూసి అనుకున్న. కోడి గెలికినట్టుంటది."

పొద్దుగూకేదాంక ఆ తిట్టునే తల్సుకొని నవ్వుకున్న.

మార్చి 7

మేడంకు చెప్పిన. కిటికీల నుంచి స్విచ్‌యార్డు దిక్కు చూసింది.

"అంటే మన పేజీ చదివేది హైదరాబాద్‌లో. నీళ్ళు పారేది ఇక్కడ. మధ్యలో అమ్మకి ఫోను" అన్నది. "మరి మనం పొద్దున పదకొండింటికి ఎందుకు పెడుతున్నాం? వాళ్ళు అన్నానికి కూర్చునే టైముకి పెట్టాలి కదా."

ఇగ నుంచి పగటీలి ఒంటిగంటకు. మల్ల పని ఇడిసినంక ఒకసారి.

ఇంకోటి గూడ మేడమే అన్నది: ఎవరు ఏం అడిగినా జవాబ్ ఇయ్యాలె. అదే దినం ఇయ్యాలె. ఒక పోరడు రాసిండు: "మా అవ్వ ఒక్కతే ఉంటది, ఇంటెనక తీగ చేతికి అందేటట్టు ఏలాడుతున్నది." ఫకీర్ చాచా పొయ్యి గుంజి కట్టిండు. అవ్వను తీగ కింద నిలబెట్టి ఫోటో కొట్టి పెట్టినం. అవ్వ చెయ్యి పైకి లేపి అందదని చూపిస్తున్నది. దానికొచ్చిన కామెంట్లు డీఈ సారు శాలువకు జన్మల రావు.

మార్చి 11

మోటర్లకు వంతులు పెట్టినం. ఒక్కపాలి కొన్నే నడువాలె, ఒకటి బంద్ అయితెనే ఇంకోటి లేవాలె. పట్నంల పోరగాండ్లు ఇంట్లకు ఫోన్లు చేసి చేసి ఒప్పించిన్రు. కొడుకు చెప్తే తల్లి ఇంటది, ఏఈ చెప్తే ఇంటదా? అట్ట మీద ఏ దినం ఎవరి మోటరు ముందు, ఎవరిది ఎనక, పేర్లతోని రాసి పెట్టుడు నా పని.

ఫకీర్ చాచా ప్లయర్ పట్టుకొని డబ్బా డబ్బాకు తిరిగి ఆటోలు తీసిండు. బాపు గట్టు మీద నిలబడి, "నాది ఆఖరికి తియ్యి" అన్నడు.

"ఎందుకు జాల్యా, ముహూర్తం చూడాల్నా?" అన్నడు చాచా.

"కరెంటోని మాట గాలిల దీపం. ఎంతసేపుంటదో చూస్త."

ఆఖరికి బాపుది గూడ తీసిన్రు. పన్ను పీకించుకున్నట్టు పెట్టిండు మొఖం.

మార్చి 13

ఆరింటికి వస్తదని చెప్పినం. ఆరింటికి వచ్చింది. నేను ఎగిరిన. మొదటి మోటరు పోస్తుంటెనే పోయింది. పైనుంచి కోత. మేడంకు గూడ చెప్పలే, సబ్‌స్టేషన్లకు ఫోన్ చేసి ఫీడర్ బంద్ చేయుమన్నరు, గంతే. ఎప్పుడిస్తరు అంటే చెప్పుడు లేదు. మిట్టమధ్యాహ్నం ఇచ్చిన్రు. అప్పటికి సగం మంది కూలికి పోయిన్రు. వంతు లేదు, ఏం లేదు.

పేజీ మీద తిట్లు. "మీ నోట్ల మన్నువడ." "ఆంధ్రామె మనల ఎండబెట్టనీకే వచ్చింది." ఒగడు మా అమ్మను తిట్టిండు. బాల్సింగ్ రాసిండు: "మా యాడి పొద్దటి నుంచి అన్నం లేకుంట మోటరు కాడ కూసున్నది. ఎందుకియ్యలే, జవాబ్ చెప్పుండ్రి."

మార్చి 14

తీసేసిన.

డీఈ సారు ఫోన్ చేసి తీసెయ్యుమన్నడు గాబట్టి తీసేసిన. మేడం వరంగల్ మీటింగుకు పోయింది, అడుగుదామంటే ఫోన్ కలవలే. తిట్లు ఉన్నయి గాబట్టి తీసేసిన. ఆడోళ్ళు చూస్తరు గాబట్టి తీసేసిన.

బాల్సింగ్‌ది గూడ తీసేసిన. అండ్ల తిట్టు లేదు.

మార్చి 15

ఏం గాలే. పేజీ సాఫ్‌గ ఉన్నది.

మార్చి 16

ఒక్క కామెంట్ రాలే. మంచిదే.

మార్చి 17

ఆటోలు మల్ల ఎక్కినయి. అందరికన్న ముందు ఎక్కించింది మా బాపు.

ఇయ్యాల పగటీలి కరెంటు రాంగనే తండా మోటర్లన్ని ఒక్కపాలి గుర్రుమన్నయి. ట్రాన్స్‌ఫారం కాడ పెద్ద చప్పుడు. ఉరికిన. ఫ్యూజు పొయ్యి, పొగ. ఫకీర్ చాచా చెయ్యి దగ్గరికి పెట్టి చూసి ఎనక్కి గుంజుకున్నడు. నూనె మసులుతున్నదట.

"ఈసారి ఫ్యూజు పొయ్యి దాన్ని బచాయించింది బేటా. మల్ల బచాయించదు. పొట్టల ఉన్న వరి గింజ పట్టదు ఇగ, సమజైందా?"

సమజైంది చాచా.

మార్చి 21

సడక్ బంద్. నరేందర్ వాళ్ళు పాలమూరు రోడ్డుకు పోయిన్రు. నేను పోలే. షటర్ సగం దించి కూసున్న. పోవాల్సినోన్ని. తెలంగాణ వస్తే నేను ఏ మొఖంతోని ఎగురుత?

నరేందరే ఫోన్ చేసిండు. అందర్ని పట్టుకొని ఏదో ఫంక్షన్ హాల్ల కూసొబెట్టిన్రట.

"ఉప్మా పెట్టిన్రురా. పెండ్లికొచ్చినట్టున్నది. కట్నం సదివిస్తలేరు గంతే" అని నవ్విండు. "నీ కరెంటు దుకాణం ఎట్లున్నది?"

చెప్పిన. తిట్లు తీసేసిన సంగతి గూడ చెప్పిన. నవ్వుడు బంద్ చేసిండు.

"మనం ఎప్పుడన్న తీసినమారా? మొన్న జనగామ ధర్నా ఆగిపోతే ఎండల నిలబడ్డోళ్ళు మనల ఎన్ని తిట్లు తిట్టిన్రు! ఉంచినం గద. తప్పైంది, పోలీసులు రాత్రికి రాత్రి ఆపిన్రు, మీకు చెప్పలేకపోయినం అని రాసినం. తెల్లారి ఎంతమంది వచ్చిన్రు? డబలు. గది రాసింది ఎవరురా? నువ్వే."

అవ్. నేనే రాసిన.

మార్చి 27. హోళీ

పట్నం పోరగాండ్లందరు తండాకు వచ్చిన్రు. హోళీకి రాకుంటే మా తండాల మనిషి కింద లెక్కనే గాదు. డప్పు, ఆట, రంగు. ఆడోళ్ళు ఎప్పటిలెక్కనే తీపి గిన్నె చుట్టు కర్రలు పట్టుకొని కావలి నిలబడ్డరు. మగోళ్ళు పొయ్యి గిన్నె గుంజుకరావాలె, వాళ్ళు కొట్టాలె. నేను మొండిగ గుంపుల చొరబడ్డ. యాడి కొడ్తదని తెలుసు, నవ్వుకుంట కొడ్తది. కొట్టింది కమ్లీ అత్త. నవ్వుకుంటనే కొట్టింది గని నడ్డి మీద గట్టిగ తాకింది.

"గిది నా కొడుకు మాట తుడిచినందుకు!"

అందరు ఒక్కటే నవ్వుడు. "ఇంకోటి ఎయ్యత్తా, నా తరపున!" అని ఎవడో అరిసిండు. నా చేతుల గిన్నె లేదు, ఏం లేదు. బయటికొచ్చిన.

బాల్సింగ్ బండరాయి మీద కూసొని ఉన్నడు. మొఖం నిండ గులాల్. పొద్దటి నుంచి నాతోని మాట్లాడలే.

"తిట్టినోళ్ళయి తీసినవ్, సరే" అన్నడు. "నాది తిట్టా? అడిగిన. అడిగినోని మాట తుడిచినంక నువ్వు గూడ ఆఫీసే బావా. రూముల పోరగాండ్లు నన్నన్నరు, ఏందిరా మీ బావ పేజీ అంటివి అని. ఆ దినం నుంచి యాడికి టైం చెప్తలేను. ఏ ముఖంతోని చెప్పాలె? తప్పైతే మల్ల ఆకలికి కూసుంటది."

"ఏం చెయ్యమంటవ్ చెప్పు, చేస్త. తప్పైంది."

"నాకు చెప్పకు. అందరు చూసిన కాడ తుడిచినవ్. అందరు చూసే కాడ చెప్పు."

మార్చి 28

పొద్దుగాలనే సబ్‌స్టేషన్ పోయిన. నెత్తిల ఇంక రంగు పోలే.

మేడంకు ఎరుకే. వరంగల్ నుంచి వచ్చిన దినమే చూసిందట. నేను చెప్తనా లేదా అని చూస్తున్నదట ఇన్ని దినాలు.

"ఎవరు తీశారు?"

"నేనే మేడం."

"డీఈ గారు తీయమన్నారని అనొచ్చుగా?"

"అన్నడు. తీసిన చెయ్యి నాది."

అట్ట తీసి బల్ల మీద పెట్టింది. "రాయండి. ఆ రోజు ఫోను ఎత్తంది నేను. కాబట్టి మేం అని రాయండి."

రాసిన: "మార్చి పదమూడు పొద్దుగాల ఆరింటికి త్రీఫేజ్ ఇస్తమని చెప్పి, ఇచ్చినట్టే ఇచ్చి బంద్ పెట్టినం. పైనుంచి కోతొచ్చింది, మాక్కూడ ముందుగాల తెల్వలే. అయినా మాట తప్పింది మేమే. ఎందుకియ్యలేదని అడిగినోళ్ళ మాటలు తీసేసినం. గది ఇంకా పెద్ద తప్పు. మమ్మల్ని ఎంత తిట్టినా ఇగ తియ్యం. ఒగరి తల్లిని తిడితే మాత్రం తీస్తం, ఎందుకు తీసినమో చెప్తం. కరెంటు ఎప్పుడొస్తదో తెలిస్తే చెప్తం. తెల్వకుంటే తెల్వదని చెప్తం."

మేడం చదివి, కింద తన పేరు, తన ఫోన్ నంబరు రాసింది.

"సర్కారు ఇట్ల రాయొచ్చా మేడం?"

"నాకూ తెలీదు. పెట్టండి."

పగటీలి డీఈ సారు ఫోన్. ఆయన అరుపులు నాకు బయట వరండల ఇనపడ్డయి. ఆమె మాట మాత్రం మెల్లగ ఉన్నది. "సార్, ఆ ట్రాన్స్‌ఫార్మర్ కాలితే పైకి జవాబు చెప్పాల్సింది మీరూ నేనూ. నాకు రెండు వారాలు ఇవ్వండి. అప్పటికీ పనిచేయకపోతే పేజీ నేనే మూసేస్తా. నా మీద మెమో కూడా నేనే టైపు చేసిస్తా." ఫోన్ పెట్టి నీళ్ళు తాగింది. నేను ఇననట్టు అట్టలు సదిరిన.

మార్చి 30

తిట్లు వచ్చినయి. ఒక్కటి తియ్యలే. ఒక్కొక్కదానికి జవాబ్ రాసిన. బొటనవేలు నొప్పి.

అన్నింటి కింద బాల్సింగ్: "సరే. రేపటి టైం చెప్పుండ్రి."

ఏప్రిల్ 1

మల్ల కోత. పొద్దుగాల ఎనిమిదింటికి.

పోయిన నిమిషంలనే పెట్టిన: "త్రీఫేజ్ పోయింది. ఎప్పుడొస్తదో తెల్వది. గంటకోసారి చెప్తం." తొమ్మిదింటికి పెట్టిన: "ఇంక తెల్వలే." పదింటికి: "ఇంక తెల్వలే. పైసార్లను అడుగుతనే ఉన్నం." పదకొండింటికి: "ఒంటిగంట అంటున్నరు. పక్కా కాదు." మేడం ఫోన్ చెవుల నుంచి తీయలే. ఒంటిగంట దాటినంక వచ్చింది.

ఇంటికి పోతే యాడి, కమ్లీ అత్త వాకిట్ల కూసొని నవ్వుతున్నరు. "తెల్వదని చెప్పనీకె గూడ పట్నం నుంచి ఫోన్ చేస్తడా గీ పోరడు? గంటకోసారి! మేస్త్రి కొడ్తడు వాన్ని" అంటున్నది అత్త.

"మరి మోటరు కాడ కూసున్నవా అత్తా?"

"ఎందుకు కూసుంట? తెల్వదన్నరు గద. ఇంటికొచ్చి తిన్న, పన్న, లేసి పోయిన."

ఏప్రిల్ 4

ఆటోలు మల్ల ఊడుతున్నయి. ఈసారి చాచా ప్లయర్ పట్టుకొని తిరుగలే. వాళ్ళంతట వాళ్ళే తీసుకుంటున్నరు.

బాపు తీయలే. ఒక్క మోటరుతోని ఏమైతది? ఏం గాదు.

ఏప్రిల్ 5

ఒక్క మోటరుతోని ఏం గాదు. గని "జాల్యా తియ్యకుంటే మాదెందుకు తియ్యాలె? ఆ పేజీ వాళ్ళ ఇంటిదే గద" అని ముగ్గురు మల్ల పెట్టిన్రట. రేపటికి ఆరుగురైతరు. ఎల్లుండి అందరు. ట్రాన్స్‌ఫారం మల్ల బచాయించదని చాచా చెప్పనే చెప్పిండు.

ఏప్రిల్ 6

బాపు ఎనక మడికి పోయిన. గట్టు మీద గడ్డి కోస్తున్నడు. నా దిక్కు చూడలే.

"బాపు, ఎందుకు తియ్యవ్?"

ఇంకో పిడికెడు కోసిండు.

"నా మాట మీద నమ్మకం లేదా? కరెంటోళ్ళను వదిలెయ్యి. నన్ను చెప్పు."

కొడవలి ఆపిండు. "నమ్మకం లేకనా? నువ్వు పేజీల పెట్టినవని తండా అంత ఆటోలు పీకింది. ఒక దినం నీ మాట తప్పుతది. తప్పుతది, అది కరెంటు. ఆ దినం అందరి మడులు ఎండితే తిట్లు ఎవ్వనికి? సర్కారుకా? నీకు. నా మోటరొకటి దానంతటది లేస్తే, నా మడిల నుంచి గండి కొట్టి నలుగురి మడులన్న తడుపొచ్చు. జాల్యా కొడుకు ముంచిండని అనరు."

నేనేమో ముసలోడు మొండికేసిండని మనసుల ఎన్ని తిట్లు తిట్టుకున్న.

"బాపు, తప్పింది. ఒకసారి తప్పనే తప్పింది. అందరు తిట్టిన్రు. అత్త కట్టెతోని గూడ కొట్టింది. చచ్చిపోయిననా? తప్పైతే తప్పైందని చెప్తం. మల్ల నిలబడ్తం. నువ్వు నన్ను బచాయించుడు కోసం మోటరు లేపితే ట్రాన్స్‌ఫారమే పోతది."

మల్ల కోసుడు షురు చేసిండు. మోపు కట్టి నా నెత్తికి ఎత్తిండు.

ఏప్రిల్ 7

పొద్దుగాల లేసి చూస్తే బాపు ఇంట్ల లేడు. డబ్బా కాడికి పోతే ఆటో వైర్లు పీకి గట్టు మీద పెట్టి ఉన్నయి.

ఏప్రిల్ 8

ఇయ్యాల సంగతి సక్కగ రాయాలె.

పగటీలి వంతు. రెండింటికి వస్తదని పేజీల పెట్టినం. నేను, ఫకీర్ చాచా ట్రాన్స్‌ఫారం కాడ నిలబడ్డం. మేడం గూడ వచ్చింది, చెప్పులకు బురద అంటితే తీసి చేతుల పట్టుకున్నది.

రెండింటికి వచ్చింది. ఒక్క చప్పుడు లేదు. ఇన్నేండ్ల ఎన్నడు గట్ల లేదు. కరెంటు వచ్చుడు, మోటర్లన్ని మొత్తుకునుడు ఒక్కటే మాకు. మేడం భయపడ్డది. "ఏమైంది? రాలేదా?"

"వచ్చింది మేడంజీ. ఇనుండ్రి" అన్నడు చాచా.

కమ్లీ అత్త మోటరు లేసింది. జర ఆగి దాని పక్కది. మల్ల ఒర్రె అవతలది. చాచా చెయ్యి పెట్టి చూసి, ఈసారి ఎనక్కి గుంజుకోలే, అట్లనే ఉంచిండు. "ఠండా ఉన్నది" అన్నడు.

మూడు దాటినంక బాపు వంతు. ఆ మోటరు చప్పుడు నాకు ఎరుకే, లేసేటప్పుడు జర దగ్గుతది. దగ్గింది. లేసింది.

నాలుగు కాలే, నా ఫోన్ మోగింది. బాపు. బాపు నాకు ఎన్నడు ఫోన్ చేయడు, ఎత్తుడే చేస్తడు. మోటరు కాలిందా? మనిషికేమన్న అయిందా?

"ఏమైంది బాపు?"

"ఏం గాలే. నా మడి నిండింది. నా టైం ఇంక ఉన్నదన్నవ్ గద?"

"అవ్, ఉన్నది."

"నాకొద్దు. బంద్ చేసిన. ఆ చివరి మూలకు సీతాబాయి మడి నెర్రెలు పెడ్తున్నది, ఆమెకు వంతు రేపున్నది. ఇక్కడి నుంచి పిలిస్తే ఇనపడది. కొడుకు పట్నంల ఉన్నడు గద వాచ్‌మన్ పనికి." గొంతు సవరించుకున్నడు. "నీ దాంట్ల రాయి. జాల్యా మోటరు బంద్ చేసిండు, సీతాబాయి ఏసుకోవచ్చు అని. నా పేరు పెట్టు."

అట్ట దొరకలే. మేడం తన సంచిల నుంచి ఏదో ఆర్డరు కాగితం తీసి ఎనక్కి తిప్పి ఇచ్చింది. చాచా ఈపు మీద పెట్టి రాసిన. బాపు చెప్పింది చెప్పినట్టు. ఫోటో కొట్టి పెట్టిన.

సీతాబాయి కొడుకుది కామెంట్ వచ్చింది: "జాల్యా మామా, చూసిన. యాడికి ఫోన్ చేస్తున్న."

మేడం చెప్పులు చేతుల అట్లనే ఉన్నయి. ముగ్గురం చివరి మూల దిక్కు చూసుకుంట నిలబడ్డం.

సీతాబాయి మోటరు లేసింది.